రుమానీ, తోతాపురి, ఇటుక

ఎతిరాజులు మాస్టరు ముందు టేపు తీయడు.
అంగడి మెట్టు మీద కాలు పెట్టినోణ్ణి
వీధి వెలుతురులోనే ఆపి
గెడ్డం నుంచి చెవి దాకా ఒకసారి చూస్తాడు,
మండీలో కాయ బేరమాడేటోడి మాదిరి.

"రుమానీ" అంటాడు నాతో, గొంతు తగ్గించి.
గుండ్రటి మొహం అని అర్థం.
కాలరు మొనలు పొడుగ్గా కిందికి దిగాల,
చూపు బుగ్గల కాడ ఆగకుండా
జేబు దాకా జారాల.

"తోతాపురి" అంటే పొడుగు మొహం, ముక్కు తిరిగిన గెడ్డం.
దానికి పొట్టి మొనలు, ఎడంగా విప్పిన కాలరు.
"పక్కలకి రెండు చేతులు చాపినట్టుండాల్రా,
లేకుంటే మనిషి కరకంబాడి రోడ్డు మాదిరి
సాగిపోతానే ఉంటాడు."

పలక దవడ వాళ్ళకి మూలలు గుండ్రంగా తిప్పేవాడు.
ఆ మొహానికి కాయ పేరు దొరకలా.
"ఇటుక" అనేవాడు, అంతే.

బేనీషా మొహం ఏడాదికి ఇద్దరో ముగ్గురో.
ఏ కాలరైనా నప్పుతుంది వాళ్ళకి.
వాళ్ళొస్తే మాస్టరుకి విసుగు:
"దీంట్లో నా పనేముండాది?"

నేను కాజాలు కుట్టే పిల్లోణ్ణి.
గాంధీ రోడ్డు వెనక సందులో
సూది దిగిన వేలు నోట్లో పెట్టుకుని
మొహాలు నేర్చుకున్నాను.

వేరే ఊరి దర్జీకి ఈ తిప్పల్లేవు.
తిరపతిలో కొలతకి ముందే అడగాల:
"కొండకి పొయ్యేదానికా, దిగొచ్చినాక తొడిగేదానికా?"
జుట్టు పోతే నుదురు నడినెత్తి దాకా పాకుతుంది,
చెవులు అప్పుడే పుట్టినట్టు బయటికొస్తాయి.
నిన్నటి తోతాపురి
ఇయ్యాల ఇటుకై దిగొస్తాడు.

పలమనేరు పెళ్ళికొడుకు ఒకడు
వాళ్ళమ్మ మొక్కు సంగతి చెప్పనే లేదు.
గుండుతో వచ్చి చొక్కా తొడిగి
అద్దంలో ఎవుర్నో చూసినట్టు చూసినాడు.
మాస్టరు ఏమీ అనలా. బ్లేడు తీసి కాలరు విప్పేసినాడు.
రాత్రి పదకొండు దాకా మిషను ఆగలా.
మజూరీ అడగలేదు.
వాళ్ళు పోయినాక మటుకు తిట్టినాడు, బాగా.

కల్యాణకట్టలో కత్తి పట్టే చెంగల్రాయుడు
అరిగిన తెల్లచొక్కా తెచ్చేవాడు,
కాలరు తిప్పి కుట్టమని.
"నాదేం మొహం మాస్టరా?" అన్నాడొకనాడు.
"పొద్దస్తమానం నా ముందర తలకాయలు వంగతాయి,
నాకు కనపడేది సుడి ఒక్కటే.
ఇంట్లో అద్దం ముందర కూడా
తల వంచుకునే నిలబడతా, అలవాటు పడి."

మాస్టరు వాడి గెడ్డం చూడలా.
వెనక్కి పోయి నిలబడ్డాడు.
వంగి వంగి, మెడ కింద ఎముక ఒకటి
గులకరాయి మాదిరి పైకి లేచి ఉండాది.
"నిన్ను జనం చూసేది ఈ పక్క నుంచి కదప్పా."

చొక్కా అడుగు నుంచి గుడ్డ కత్తిరించినాడు.
వెనక పట్టీ పావంగుళం పెంచి, ముందర తగ్గించి,
ఆ ఎముక మీద నీడ పడేటట్టు
కాలరు కూర్చోబెట్టినాడు.
ఏ కాయకీ లేని కొలత.
నోటుబుక్కులో "చెం" అని ఒక్క అక్షరం.

ఇప్పుడు ఎదురుగా రెడీమేడు అంగడి.
అక్కడ మెడకి నెంబరుంది, మొహానికి ఏమీ లేదు.
కొనుక్కుని, పట్టేస్తాందని నా దగ్గరికే తెస్తారు.
నేనూ మెట్టు కాడే ఆపి చూస్తాను.

నాదే కాయో తెలీదు.
అడిగితే మాస్టరు పళ్ళతో దారం కొరికి
"ఇంకా పిందెవిరా, ముదరనీ" అన్నాడు.
ముప్పై ఏళ్ళయింది. ఆయన లేడు.
నాకని గుడ్డ పరిచినప్పుడల్లా
చేతులు, జేబు, భుజం గీసి
సుద్ద మెడ కాడికొచ్చి ఆగిపోతుంది.

అందరికీ కాలర్లు పెట్టి
నేను బనీనుతో కూచుంటాను.